ఎవరి తర్వాత ఎవరు

నేను సంస్కారపు గిన్నెను, గుడిలో అందరూ ఒకరి తర్వాత ఒకరు ద్రాక్షరసం తాగే గిన్నెను. జానెడు ఎత్తు, లోహం మీద వెండి పూత, కాడ మధ్యలో పట్టుకోవడానికి ఒక బుడిపె. నిజాం రైల్వేలో ఒక జంక్షన్ ఊరు మాది. అక్కడి ఆంగ్లికన్ల గుడిలో ప్రభువు బల్ల మీదికి వచ్చాను. లోకో షెడ్డుకు అవతల వెస్లియన్ల గుడి ఉండేది. వాళ్ళ దగ్గర నాలాంటి ఒక్క గిన్నె ఉండేది కాదు. గుంటలు తొలిచిన చెక్క పళ్ళెం, ఒక్కో గుంటలో ఒక్కో చిట్టి గాజు కప్పు.

ఒక్క ఊళ్ళో రెండు మిషన్ల గుళ్ళు ఆ రోజుల్లో అంతగా కనబడేవి కావు. ఒకరి పొలంలో ఒకరు అడుగు పెట్టకూడదని మిషన్లు ప్రాంతాలు పంచుకున్నాయి. మెదక్, కరీంనగర్ వైపు వెస్లియన్లు, దోర్నకల్ చుట్టుపక్కల ఆంగ్లికన్లు, కడప, జమ్మలమడుగుల్లో లండన్ మిషన్, గుంటూరులో లూథరన్లు, నెల్లూరు, ఒంగోలుల్లో బాప్టిస్టులు. ఎవరిది ఏ సంఘమో పుట్టిన ఊరే తేల్చేసేది. రైలు వచ్చి ఆ గీతలన్నీ చెరిపేసింది. గ్యాంగ్‌మన్లు, ఫైర్‌మన్లు, ఖలాసీలు నాలుగు దిక్కుల నుంచీ వచ్చి ఒకే క్వార్టర్ల వరసలో కాపురాలు పెట్టారు. వారమంతా ఒకే కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకున్నవాళ్ళు ఆదివారం పొద్దున చెరో దారి పట్టేవారు.

పెద్దల వాదమంతా నన్ను ఎత్తే అధికారం ఎవరిదన్న దాని మీద. అపొస్తలుల నాటి నుంచి తెగకుండా వస్తున్న బిషప్పుల చేతులు తల మీద పడితేనే గురువు అవుతాడని ఆంగ్లికన్లు. మా గురువులకు ఆ చేతులు పడలేదు, అంతమాత్రాన వాళ్ళిచ్చిన సంస్కారం సంస్కారం కాదా అని మిగతావాళ్ళు. 1919లో తరంగంబాడిలో కూర్చుని, మనల్ని చీల్చిన తగాదాలు మన దేశంలో పుట్టినవి కావు, వాటిని మనమెందుకు మొయ్యాలని గట్టిగా అడిగినవాళ్ళలో మా దోర్నకల్ బిషప్పు వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు ఒకరు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్పు అయిన తొలి భారతీయుడు ఆయనే, 1912లో. ఆ చర్చలు ఒక కొలిక్కి రావడానికి 28 ఏళ్ళు పట్టింది. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జ్ కథీడ్రల్లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు (మా వెస్లియన్లు వీళ్ళే), 1908లోనే ఒకటైన దక్షిణ ఇండియా ఐక్య సంఘంవాళ్ళు కలిసి చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా, అంటే సి.ఎస్.ఐ. అయ్యారు. అజరయ్యగారు అప్పటికి రెండేళ్ళ ముందే, 1945 జనవరి 1న కన్నుమూశారు. అందరూ ఒకటైన రోజు ఆయన అక్కడ లేకపోయారే అన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఆ కలయిక ఒప్పందంలో నాకు బాగా నచ్చిన మాట ఒకటుంది. పాత గురువుల్ని మళ్ళీ అభిషేకించనక్కర్లేదు, అందర్నీ ఉన్నవాళ్ళను ఉన్నట్టే స్వీకరించాలి. అలాగని ఏ సంఘానికీ మనసొప్పని గురువును గానీ, అలవాటు లేని ఆరాధనను గానీ రుద్దకూడదు. ముప్పై ఏళ్ళు ఇలా కలిసి బతికి, ఆ తర్వాత చూసుకుందామన్నారు. అయినా అందరూ రాలేదు. నంద్యాల వైపు ఆంగ్లికన్లలో చాలామంది బయటే ఉండిపోయి, 1970లలో గానీ కలవలేదు. లూథరన్లు, బాప్టిస్టులు ఎవరి దారిన వాళ్ళే ఉన్నారు.

మా ఊళ్ళో మారింది బోర్డు. రెండు గుళ్ళ మీదా సి.ఎస్.ఐ. అని రాశారు, ఆరాధనలు మాత్రం ఎక్కడివక్కడే జరిగాయి. ఎందుకో కాగితాల్లో ఉండదు, నాకు తెలుసు. మా గుడికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది మాలవాళ్ళు, వెస్లియన్ల గుడిలో ఎక్కువమంది మాదిగవాళ్ళు. ఊరి టీకొట్లో ఇద్దరికీ విడిగా పెట్టిన గ్లాసులే. బయట ఆ అవమానం కలిసి మింగినవాళ్ళు లోపలికొచ్చాక నన్ను ఎవరి తర్వాత ఎవరు అందుకోవాలని లెక్క చూసుకున్నారు. పైనున్నవాళ్ళు నన్ను ఎత్తేదెవరని తగువులాడితే, కిందివాళ్ళది ఎంగిలి తగువు. ఈ రెండోది సంఘ పెద్దల సభ, సినడ్, చేసే ఏ తీర్మానానికీ లొంగేది కాదు.

ఆవిరి ఇంజన్లు పోయాక షెడ్డు మూతపడింది. బదిలీల మీద కుటుంబాలు వెళ్ళిపోయాయి. రెండు గుళ్ళూ సగం ఖాళీ, వెస్లియన్ల గుడి కప్పు వానకు కారేది. చివరికి మా గుడిలో ఒక్క చోటే ఆరాధన అనుకున్నారు. వాళ్ళు బెంచీలు, హార్మోనియం, ఆ చెక్క పళ్ళెం మోసుకుని వచ్చారు.

ఆ మొదటి సంస్కార ఆదివారం నాకు బాగా గుర్తు. మా పాత పెద్దలు ఎప్పటిలాగే ముందు వరసలో. పాస్టరుగారు వాళ్ళను కూర్చోమని, "వెనక బెంచీల నుంచి రండమ్మా" అన్నారు. మొదట వచ్చింది ఆ గుడి ముసలమ్మ ఒకావిడ, భర్త గ్యాంగ్‌మన్‌గా చేసి పోయినవాడు. ఆవిడ చేతులు వణుకుతుంటే పాస్టరుగారు నా అడుగు పట్టుకున్నారు. ఆవిడ తాగింది. తెల్లబట్టతో అంచు తుడిచి, నన్ను కొంచెం తిప్పి, వెనక బెంచీ నుంచే వచ్చి పక్కన మోకరించిన మా గుడి పెద్దాయనకు అందించబోయారు. ఆయన చెయ్యి లేవలేదు. గుడంతా చూస్తోంది. అప్పుడు ఆవిడ మెల్లగా, "తీసుకో అన్నా" అంది. ఆయన రెండు చేతులతో నన్ను అందుకున్నాడు. ఆరాధన అయ్యాక, 1950 నుంచి మా ఆరాధన క్రమంలో సమాధానం చెప్పుకునేటప్పుడు చేసినట్టే చేతుల్లో చేతులు పెట్టి, ఇద్దరూ చాలాసేపు వదల్లేదు. అందరూ అలా మారలేదు. నాలుగు కుటుంబాలు వేరే సంఘానికి వెళ్ళిపోయాయి.

2020లో కరోనా వచ్చి నన్ను బీరువాలో పెట్టింది. అది న్యాయమే. జబ్బు ముందు ప్రాణాలు ముఖ్యం. తలుపులు తెరిచాక ప్లాస్టిక్ కప్పులు వచ్చాయి, మెల్లగా అవే అలవాటయ్యాయి. ఇప్పుడు యూత్ పిల్లలు నన్ను బయటికి తెమ్మంటున్నారు. కమిటీలో కొందరు శుభ్రత మాట ఎత్తుతున్నారు. దగ్గు, జ్వరం ఉన్నవాళ్ళ కోసం కప్పులు ఉండాల్సిందే. ఆ పళ్ళెం కూడా మన గుడిదే, నాకు దాని మీద పగ లేదు. కానీ శుభ్రత అంటున్నవాళ్ళలో ఇద్దరి గొంతు నాకు పాతదే. వాళ్ళ తాతల దగ్గర విన్నదే. వచ్చే నెల కమిటీ మళ్ళీ కూర్చుంటోంది. గుడిలోని మహిళల సంఘం స్త్రీల మైత్రి నుంచి ఈసారి ఆ ముసలమ్మ మనవరాలు సభ్యురాలుగా వస్తోంది. జబ్బు గురించి అడగాల్సినవి డాక్టరునే అడుగుదాం, మిగతాది పేరు పెట్టి మాట్లాడుకుందాం అని ఆమె ఇప్పటికే అజెండాలో రాయించింది.