తూముగోడ సూత్రమునకు టీకాతాత్పర్యములు

మూలము: వంతు తప్పి నీరు పెట్టినవారిపై సంఘము చర్య తీసుకొనును.

అవతారిక: ఏలూరు కాలువ చెంత నొక తూముగోడపై సున్నముతో వ్రాయబడి, వానలకు సగము చెరిగి, ఎన్నికల గుర్తుల నడుమ నెట్లో మిగిలియున్న యీ సూత్రమునకు కర్త యెవ్వరో తెలియదు గాని, ప్రమాణగ్రంథము 1997 నాటి సాగునీటి రైతు యాజమాన్య చట్టమని స్పష్టము. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైనది మొదలు పెద్దకాలువలపై ఆజ్ఞ సర్కారుదే. ఇంజనీరు శాసించును, లస్కరు షట్టరు దించును. ఈ చట్టముతో రాష్ట్రమంతట పదివేలకు మించిన నీటిసంఘములు పుట్టి, శాసించు భారము రైతుల తలకెక్కినది.

టీక: వంతు = ప్రతి పంటకును సంఘము ఏర్పరుపవలసిన వారాబందీ వరుస. తప్పి = అర్ధరాత్రి బోదెకు గండికొట్టి. నీరు = ఇచ్చట వివాదము కలదు. ఏలూరున గోదావరి కాలువయు కృష్ణా కాలువయు కలియును గావున, ఏ నీరని పూర్వపక్షము. పట్టిసీమలో తోడిన గోదావరియే ప్రకాశం బ్యారేజీ కెగువను కృష్ణలో కలియుచుండగా, కాలువలోని నీటికి గోత్రమడుగుట వ్యర్థమని సిద్ధాంతము.

సంఘము = సూత్రమునకు ప్రాణమీ పదమే. హక్కుల రికార్డులో పేరున్నవాడు సభ్యుడు. రికార్డుకెక్కిన కౌలుదారును సయితము చట్టము భూస్వామిగానే యెంచును. కాని తాడేపల్లిగూడెము చుట్టుపట్ల కౌలు నోటిమాటగానే సాగుచుండ, ఎక్కించువా డెవ్వడు? కావున కట్టడి చేయువాడు, ఒక్కొక్కప్పుడు చేను చూచి యేండ్లు గడచిన పట్టాదారు. కట్టడి తప్పువాడు మోకాటిలోతు బురదలో నిలిచి, టార్చిలైటు నోట కరచుకొని, గడ్డియు మన్నును కుక్కి బోదె మళ్ళించుకొను కౌలురైతు. ఓటు లేనివానిపై ఓటున్నవాడు చేసిన యీ శాసనమును స్వపరిపాలన యనుట కీ వ్యాఖ్యాత సమ్మతింపడు.

చర్య = కాలువను చెరచుటయు, ప్రవాహము నడ్డగించుటయు, నీటిని మలినపరచుటయు నేరములు. శిక్షించునది న్యాయస్థానమే గాని, సొమ్ము గైకొని రాజీపరచు నధికారము సంఘమునకు కలదు. ప్రయోగము: అధ్యక్షుడు "ఏంరా అబ్బాయ్, నువ్వే ఇలా చేస్తే ఎలాగ?" అనును, నేరస్థుడు "ఈ ఒక్క తడికి పోనీ బాబాయ్" అనును. విచారణ సమాప్తము. రసీదుపుస్తకము బీరువా దాటి రాదు.

తాత్పర్యము: ఎగువవాడు నీరు మళ్ళించుకొనిన పిమ్మట, శివారు రైతు ఫిర్యాదు చేసిన పిమ్మట, సంఘము తీరికగా సమావేశమైన పిమ్మట, వాన కురిసినచో వివాదము దానంతట నది తీరునని భావము.

విశేషము: సూత్రకారుడు నీరు పెట్టినవారిని స్మరించెనే గాని వదలినవారిని స్మరింపలేదు. చేలును చేపలచెరువులును త్రాగి విడిచిన యా నీరు మురుగుకాలువల వెంట కొల్లేరు చేరి, ఉప్పుటేరుగుండ సముద్రమున కేగవలెను. 1999లో ఆ సరస్సును ఐదవ కాంటూరు వరకు అభయారణ్యమని ప్రకటించి, 2006లో చెరువుగట్లు తెగగొట్టిరి. అచ్చట ఆజ్ఞ అటవీశాఖది. నీటిని మలినపరచుట నేరమని చట్టముననే యున్నది. కొల్లేటివారు దానికై యే తూముగోడ చదువవలెనో పూర్వవ్యాఖ్యాత లెవ్వరును చెప్పలేదు.