ఉదయగిరి దుర్గమూ ఊపిరాడని యాత్రికుడూ

కౌటిల్యుడు అర్థశాస్త్రంలో కోటలను నాలుగు తెగలుగా విభజించి, నీటి నడుమ కట్టినవాటిని ఔదకమనీ, కొండలను ఆశ్రయించినవాటిని పార్వతమనీ, ఎడారిలోనివాటిని ధాన్వనమనీ, అడవిలోనివాటిని వనదుర్గమనీ చెప్పాడు గాని, మధ్యాహ్న భోజనం వేళకు ఇల్లు చేరదలచిన యాత్రికునికి వీటిలో ఏది అనుకూలమో మాత్రం చెప్పలేదు. హనుమంతునిపాడు నుంచి కనిగిరి, పామూరు మీదుగా వెళ్లేవారికి ఎదురయ్యే ఉదయగిరి రెండో తెగకు చెందినదే అయినా, చుట్టూ అడవి ఉండటంచేత నాలుగో తెగ దుర్గుణాలను కూడా పుణికిపుచ్చుకుంది. సుమారు 3,000 అడుగుల ఎత్తున్న ఆ కొండను బస్సు కిటికీలోంచి చూసిన యాత్రికుడు, ఒక చేత నీళ్ల సీసా, మరో చేత పులిహోర పొట్లం, కాళ్లకు హవాయి చెప్పులు ఉండగా తనకు లోటేమున్నదని భావిస్తాడు.

ఇదే కొండ ఎక్కడానికి శ్రీకృష్ణదేవరాయలకు ఏడాదిన్నర పట్టింది. అప్పట్లో కోట గజపతుల, అంటే కటకం రాజధానిగా ఏలిన ఒడ్డె రాజుల, అధీనంలో ఉండేది. రాయలు 1513లో ముట్టడి ఆరంభించి 1514లో దాన్ని సాధించాడు. కోటలోకి గింజలూ మనుషులూ పోకుండా చుట్టూ దండు దించి, లోపలివారి ఓపిక అడుగంటేదాకా బయటివారు ఓపిక పట్టడమే ముట్టడి. తర్వాత సుమారు ఇరవయ్యేళ్లకు విజయనగరం సంగతులు రాసిన పోర్చుగీసు గుర్రాల వ్యాపారి నూనిజ్, కోటలో పదివేల కాల్బలం, నాలుగు వందల గుర్రాలు ఉండేవనీ, మనిషి వెనుక మనిషి నడవవలసినంత ఇరుకైన దారి ఒక్కటే ఉండగా, రాయలు బండలు పగలగొట్టించి వెడల్పాటి బాటలు వేయించాడనీ రాశాడు. కోట పడినప్పుడు చిక్కిన రాజబంధువు శాసనాల ప్రకారం గజపతికి పినతండ్రి వరుస, నూనిజ్ ప్రకారం మేనత్త. పినతండ్రికీ మేనత్తకూ ఇంత సులువుగా తేడా చెరిగిపోవడం పెళ్లి భోజనాల బంతిలో తప్ప మరెక్కడా కనిపించదు. శాసనం చెక్కించినవారు కళ్లారా చూసినవారు కనుక పినతండ్రినే నమ్మడం ఉచితం.

రాయలు వేయించిన బాటలు తనదాకా మిగల్లేదని యాత్రికుని ప్రథమ ఫిర్యాదు. మెట్లు సరిగా లేవనీ, ఎండకు బండ కాలుతున్నదనీ, తుమ్మముల్లు చెప్పును దాటి మడమను పలకరించిందనీ, నీడలో కూర్చుందామంటే ఆ నీడలో ముందే ఒక కోతి కూర్చున్నదనీ తక్కిన ఫిర్యాదులు. ఇవన్నీ నిజానికి కోట పనితనానికి యోగ్యతాపత్రాలే. అయిదు శతాబ్దాల తర్వాత కూడా వచ్చినవాణ్ణి సగంలోనే వెనక్కి పంపగలుగుతున్న నిర్మాణాన్ని శిథిలమనడం న్యాయం కాదు. పూర్వం ఇక్కడ కొండమీద ఎనిమిది, దిగువన అయిదు, మొత్తం పదమూడు కోటలు ఉండేవి. యాత్రికుడు వాటిలో ఒకదాని గోడకు ఆనుకుని, తక్కిన పన్నెండూ ఇలాగే ఉంటాయని నిర్ణయించి, బురుజు (గోడ మలుపులో ఉబికి వచ్చే కావలి కట్టడం) పక్కన ఫోటో దిగుతాడు. ఇక్కడి బాలకృష్ణుణ్ణి రాయలు హంపీకి తరలించి 1515లో గుడి కట్టించగా, ఆ విగ్రహం తర్వాత చెన్నై మ్యూజియం చేరింది. దేవుడు కూడా కొండ దిగినవాడు తిరిగి ఎక్కలేదన్న ఊరట యాత్రికునికి ఇక్కడే దొరుకుతుంది.

దిగువన ఊరిలో కొయ్య గరిటెలూ స్పూన్లూ చెక్కే పని ఉంది. చుట్టుపక్కల అడవి కొయ్యను ఎండబెట్టి, చెక్కి, ఆకురాయితో రాసి, గరుకు కాగితంతో నునుపు చేస్తేగాని ఒక గరిటె తయారు కాదు. కొండను గంటలో వదులుకున్న యాత్రికుడు ఈ గరిటె దగ్గర మాత్రం పది రూపాయల కోసం కాలు కదపక నిలబడి, ఎదుటివారి ఓపిక అడుగంటేదాకా తాను ఓపిక పడతాడు.