సర్ఫు నీళ్లలో మా వేల్పు

ప్రదర్శనలు పెట్టే పెద్దసారు గారికి,

గోదారి ఒడ్డు కోయగూడెం నుంచి దండాలు. మీరు తీసుకుపోయిన మా ఇలవేల్పు పడిగె, అదే మా వంశం కథ బొమ్మలుగా వేసిన గుడ్డ, మొన్న మంగళవారం చేరింది. ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేయించి, ప్లాస్టిక్ కవరులో పంపారు. పెళ్లికొడుకు చొక్కాకైనా అంత మర్యాద జరగదు. చాలా సంతోషం.

మరకలన్నీ పోయాయి. పసుపు, సాంబ్రాణి పొగ, తాతల నాటి కోడి నెత్తురు చుక్కలు, అన్నీ. వాటితోపాటు బొమ్మలూ పోయాయి. ఎర్ర రంగు కారి కింది అంచుకు చేరింది. మా మూలపురుషుడు నిలబడ్డ చోట గులాబీ మచ్చ ఉంది సార్! మా కథలు పాడే డోలి వచ్చి ఆ మచ్చను చూసి ఏ గట్టు కథ, ఏ వంశం కథ చెప్పాలి? చెప్పగలిగినవాళ్లు మాత్రం ఎందరు మిగిలారు? మణుగూరు దగ్గరి కూనవరం డోలి సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024లో ఆయనా పోయాడు.

ఒక్క తడి దూది సార్. ఎవరికీ కనపడని మూలన అద్ది, రంగు అంటుతుందేమో చూడాల్సింది. అంటితే ఇక నీళ్ల జోలికే పోకూడదు. మెత్తటి కుంచెతో దుమ్ము దులిపి, మడత పడకుండా లావాటి గొట్టానికి చుట్టి దాచాలి. హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ మ్యూజియంకు ఇలాంటి పనికే ప్రయోగశాల ఉంది. మీ కారు ఎన్నిసార్లు దాని ముందు నుంచి పోయిందో!

2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదారి 71 అడుగులు దాటింది. బియ్యం బస్తాలు వదిలేసి, పడిగె మూట నెత్తిన పెట్టుకొని గుట్టెక్కాం. గోదారికి దొరకనిది మీ బకెట్టుకు దొరికింది. దాన్ని తీసుకుపోయేటప్పుడు ఇచ్చిన రసీదులో ఏమని రాశారో గుర్తుందా? 'పాత గుడ్డ: 1'.

2014లో రాష్ట్రాల మధ్య గీత గీసి మా చుట్టాల ఊళ్లను ఆంధ్రాలో కలిపారు. ఈ పడిగె కథ తెలిసిన ముసలాయన చింతూరు వైపు ఉండిపోయాడు. ఆయన్ను పిలుచుకొద్దామంటే బస్సు లేదు. అది మీ శాఖ కాదంటారు, తెలుసు.

మళ్లీ రంగులేయించి ఇస్తామని ఫోన్లో అన్నారట. వద్దు సార్, కాళ్లు పట్టుకుంటా, ఇంకెవర్నీ చెయ్యి పెట్టనివ్వకండి. ఉతకడానికి ముందు మీ కుర్రాళ్లు సెల్లుతో ఫొటోలు తీశారు. అవి పంపండి. మసకగా ఉన్నా సరే, మా వేల్పు కొలుపు పండుగ లోపల పంపండి.