చెప్పులు విప్పి నేర్చిన కంప్యూటర్

కంప్యూటర్ గదిలోకి చెప్పులతో వెళ్లకూడదన్నది తొలి రోజుల కంప్యూటర్ చదువులో మొదటి పాఠం. చాలామందికి చివరి పాఠమూ అదే. 1990ల మొదట్లో అనంతపురం లాంటి ఊళ్లలో ఇనిస్టిట్యూట్ గడప ముందు చెప్పుల వరస చూస్తే లోపల ప్రసాదం పంచుతున్నారేమో అనిపించేది.

ఈ మడికి కారణం లేకపోలేదు. గది నిండా పరుచుకునే పాత మెయిన్‌ఫ్రేములకు చల్లదనం నిజంగానే కావాలి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే జిల్లాలో దుమ్ముకూ కొదవ లేదు. కానీ 1981లో ఐబీఎం తెచ్చిన పీసీ మామూలు ఆఫీసు బల్ల మీద పెట్టుకోవడానికి చేసింది. యంత్రం చిన్నదైనా మడి తగ్గలేదు. బోరు మోటారుకు కరెంటు ఎప్పుడొస్తుందా అని వేరుశనగ రైతు రాత్రంతా కాపు కాసే సీమలో ఆ పెట్టెకు మాత్రం ఏసీ.

చెప్పులతో వైరస్ వస్తుందని నమ్మినవాళ్లూ ఉన్నారు. ఐబీఎం పీసీలకు సోకిన తొలి వైరస్ ‘బ్రెయిన్’ 1986లో లాహోర్‌లో పుట్టి, ఫ్లాపీలెక్కి దేశాలు తిరిగింది. చెప్పులు బయట ఆగిపోయేవి. ఫ్లాపీ మాత్రం దర్జాగా లోపలికి వచ్చేది.

1984లో కేంద్రం ‘క్లాస్’ పథకం కింద ఎంపిక చేసిన బడులకు బీబీసీ మైక్రోలు పంపింది. వాటి మెమరీ 32 కిలోబైట్లు. ఇనిస్టిట్యూట్లలోనేమో బేసిక్ ప్రోగ్రాం ముందు నోటుబుక్కులో రాయాలి, సారు ఎర్రసిరాతో దిద్దాలి, ఆపైనే కీబోర్డు. వంతు వచ్చేసరికి కరెంటు పోయేది. సేవ్ చెయ్యని ప్రోగ్రాం కూడా దాంతోపాటే పోయేది.

అదే కాలంలో, పిల్లలు చెడిపోతున్నారని పెద్దలు తిట్టిపోసిన చోటు వీడియో గేమ్ షాపు. అక్కడ నింటెండో 1983 నాటి ఫామికామ్‌కు నకళ్లు గంటల లెక్కన అద్దెకు దొరికేవి. క్యాసెట్ మీద ‘9999 ఇన్ వన్’ అని ఉండేది. లోపల నిజంగా ఉన్నవి కొన్నే, మిగతావి అవే ఆటలు, వేరే లెవెల్ నుంచి మొదలయ్యేవి. మెనూలో అంకెలు నొక్కుతూ పోయి ఈ మోసాన్ని పట్టుకున్నది పిల్లలే. ఆట ఆగిపోతే క్యాసెట్ తీసి, నోటితో ఊది, మళ్లీ పెట్టేవాళ్లు. పనిచేసింది ఊదడం కాదు, తీసి పెట్టడం. అదీ మూఢనమ్మకమే అయినా యంత్రాన్ని ముట్టుకోనిచ్చిన మూఢనమ్మకం.

కోర్సు ముగిశాక ఏసీ గది ఇచ్చిన సర్టిఫికెట్టులో మాత్రం ‘ప్రాక్టికల్స్: ఫస్ట్ క్లాస్’ అని ఉండేది.