అల్లుడుగారి ఆహ్వానానికి టీకా తాత్పర్యాలు

మూలం: "మామయ్యగారూ, ఎండాకాలం కదా, నది పక్కనే అలా నడుచుకుంటూ వెళ్లి జలపాతం చూసొద్దాం. దగ్గరే."

అవతారిక: కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయలో, మెర్సెడ్ నది ఒడ్డున, జూన్‌లో ఒక ఉదయం, మా ఆవిడ పులిహోర డబ్బా సంచిలో సర్దుతుండగా అల్లుడుగారు సెలవిచ్చిన వాక్యమిది. చెవికి ద్రాక్షాపాకం, మోకాలికి నారికేళపాకం.

టీక:

ఎండాకాలం కదా = ఎండాకాలము గనుక. ఎండాకాలంలో జలపాతమేమిటని శంక. మే నెలలో మన కుంటాలకి పోతే కనబడేది బండలే, నీళ్లు మనమే ఊహించుకోవాలి. సమాధానం: ఈ నదికి వానకంటె మంచు ముఖ్యం. చలికాలమంతా సియెరా నెవాడా కొండల మీద పేరుకున్నది మే, జూన్‌లలో కరిగి దిగుతుంది. ఆగస్టుకి ధార సన్నబడుతుంది. కాబట్టి ఇది విరోధాభాసమే, విరోధం కాదు.

నది పక్కనే = 'గంగలో గొల్లపల్లె' అంటే గంగ ఒడ్డున అని లక్షణచేత గ్రహిస్తాం గదా. అలాగే ఇక్కడ 'పక్కనే' అంటే 'పైకే' అని గ్రహించాలి. మెర్సెడ్ అంటే స్పానిష్‌లో దయ. ఆ దయ ఎంతంటే, మొదటి ముప్పావు మైలు తారు వేసిన దారి, అదీ ఎక్కుడే. తర్వాత వంతెన. దాని మీంచే జలపాతం కనబడుతుంది గనుక అక్కణ్ణుంచే వెనుదిరగడం ఉత్తమపక్షమని ఈ వ్యాఖ్యాత మతం. నవ్యులు ఒప్పుకోలేదు.

అలా నడుచుకుంటూ = ఈ 'అలా'లోనే ఉంది మోసమంతా. ఆరువందలకి పైగా రాతిమెట్లు, ఒకటి జానెడు, ఒకటి మూరెడు, అన్నీ తడి. ఎదురుగా 317 అడుగుల మీంచి పడుతున్న వెర్నల్ జలపాతం తుంపర. నెత్తిన మబ్బుతునక లేదు, ఒంటి మీద పొడిబట్ట లేదు. కారణం లేకుండా కార్యం పుట్టింది గనుక విభావనాలంకారం. కళ్లద్దాలు తుడిచి పెట్టుకునేలోగా మళ్లీ మసక. ఒకసారి తుడిచి చూస్తే ఇంద్రధనుస్సు ఆకాశంలో కాదు, నా చెప్పుల దగ్గర ఉంది. దాన్ని దాటుకుని ఓ పిల్ల గెంతుతూ దిగిపోయింది.

దగ్గరే = ఏకారం అవధారణార్థకం. దూరం ఒకవైపు 1.2 మైళ్లు, ఎత్తు 1,000 అడుగులు. రెండోది మూలంలో లేదు. ఉన్నదాన్ని పెంచి చెబితే అతిశయోక్తి. తగ్గించి చెప్పే దీనికి ఆలంకారికులు ఏం పేరు పెట్టారో గుర్తు రాలేదు, ఆయాసం వల్ల.

తాత్పర్యం: మామగారూ, ఎక్కండి, తడవండి, నన్ను తిట్టుకోండి, పైకొచ్చాక అన్ని నీళ్లు ఒక్క అంచు మీంచి దూకడం చూసి తిట్టడం మరిచిపోండి అని భావం.

విశేషం: పైన ఇనుప కటకటాలు, నదిలో దిగవద్దన్న బోర్డు ఉన్నాయి. నున్నటి గ్రానైటు బండ, వడిగల నీరు. ఈ బోర్డుకి మాత్రం వాచ్యార్థమే గ్రాహ్యం. లక్షణ, వ్యంజన పనికిరావు. ఉడుతలకి తిండి పెట్టవద్దన్న మాటా అంతే, అవి పులిహోర డబ్బా చుట్టూ ఎంత ప్రదక్షిణ చేసినా సరే.

ఆపైన 594 అడుగుల నెవాడా జలపాతం ఉంది. దానికి ఈ వ్యాఖ్యాత టీక రాయలేదు. మా ఆవిడ, అల్లుడు చూసొచ్చారు.