చార్మినార్ పెట్టెతో పెద్దమనిషి కావడం ఎలా?

మీకు పేరూ లేదు, పలుకుబడీ లేదా? దిగులెందుకు! ‘కన్యాశుల్కం’లో వెంకటేశానికి గిరీశం పొగ మహిమ బోధించినట్టు మీకు మేమున్నాం. ఒక చార్మినార్ సిగరెట్ పెట్టె కొని, ఈ కింది చిట్కాలు తు.చ. తప్పకుండా పాటించండి.

1. చరిత్రను జేబులో వేసుకోండి. 1591లో కట్టిన అసలు చార్మినార్ పైకి వెళ్లాలంటే మెట్లెక్కాలి, ఆయాసం. పెట్టె మీది చార్మినార్‌తో ఆ బాధ లేదు. ఆయాసం తర్వాత అదే వస్తుంది.

2. ఎవరైనా ఛీ అంటే హైదరాబాదును అడ్డు పెట్టుకోండి. ఈ సరుకు తయారుచేసే కంపెనీ 1930లో వజీర్ సుల్తాన్ టొబాకో పేరుతో పుట్టింది. అజామాబాద్‌లో దాని పొడి అక్షరాలు వీఎస్టీ అన్నవే చుట్టుపక్కల జాగాకి పేరైపోయాయి. ఊరికే పేరు పెట్టిన కంపెనీకి ఒక జత ఊపిరితిత్తులు ఇవ్వలేరా?

3. తెలివి కావాలంటే ఫెలూదాను పట్టుకోండి. సత్యజిత్ రాయ్ 1965లో ‘సందేశ్’ అనే పిల్లల పత్రికలో పుట్టించిన ఈ కలకత్తా డిటెక్టివ్‌కు చార్మినారే ఇష్టం. ఆయన తెగ చదువుతాడు, యోగా చేస్తాడు, కంటబడిన ప్రతిదాన్నీ గుర్తుపెట్టుకుంటాడు. ఆ చాకిరీ అంతా మనకెందుకు? సిగరెట్ ఒక్కటీ తీసుకోండి.

4. అగ్గిపెట్టె వాడకండి. పాన్ డబ్బా గుంజకు వేలాడే కొబ్బరితాడు కొసను ఊది, మెడ వంచి వెలిగించుకోండి. ఫిల్టర్ లేని పాత రకం అయితే మరీ శ్రేష్ఠం. పెదవికి అంటిన పొగాకు నలుసును నాలుక కొసతో తీసి, తుపుక్కున ఊసి, అప్పుడు దేశ రాజకీయాల మీద అభిప్రాయం చెప్పండి. అభిప్రాయం ఏదైనా ఫరవాలేదు, నలుసు చాలు బరువు రావడానికి.

5. కంపెనీకి సాయపడండి. 2003 చట్టం సిగరెట్ ప్రకటనలను నిషేధించింది. పాపం, వాళ్లు నోరు విప్పలేరు. బస్టాపుల్లో, టీ కొట్టు ముందు పొగ వదులుతూ మీరే ప్రకటన అయిపోండి. ఫైన్ పడితే మీరే కట్టుకోండి. జీతం మాత్రం అడగకండి.

6. పెట్టెను చదవకండి. 2016 నుంచి ముందూ వెనకా 85 శాతం జాగా బొమ్మతో కూడిన హెచ్చరికకే పోయింది. మిగిలిన 15 శాతం వైపే చూపు నిలపండి. పరీక్షల్లో అన్నే మార్కులొచ్చినప్పుడు మీ నాన్నగారికి చూపించడానికి ధైర్యం చాలలేదు గానీ, ఇక్కడ మాత్రం ఆ పదిహేనే గొప్ప.

7. పెట్టె మీద 1800-11-2356 అని ఒక నంబరు ఉంటుంది. మానేయాలనుకునేవాళ్లకు ఉచితంగా సలహా ఇస్తారట. అది మా వ్యాపారానికి పోటీ. పొరపాటున కూడా కలపకండి. కలిపి, వాళ్ల మాట విని మానేశారంటే, మీ గొప్పతనం మీరే కష్టపడి సంపాదించుకోవాల్సి వస్తుంది.