సంపులో సంచిని నేను

టెక్సాస్‌లో డల్లాస్ పక్కన ఫ్రిస్కో అనే ఊరుంది. అక్కడ ఒక తెలుగువాళ్ళ ఇంట్లో హాలు గోడ పొడుగునా ఉప్పునీటి అక్వేరియం. పగడాలు, క్లౌన్ చేపలు, నీలం నారింజ గీతలతో మాండరిన్ అనే చిట్టి చేప. ఇంటికొచ్చిన వాళ్ళంతా దాని ముందు నిలబడి ఫొటోలు దిగుతారు. కింద బీరువా తలుపు మాత్రం ఎవరూ తెరవరు. అందులో ఇంకో తొట్టి ఉంటుంది, సంపు అంటారు. పైనుంచి పొర్లిన నీళ్ళు గొట్టంలోంచి దిగి సంపులో పడేముందు నా నోట్లో పడతాయి.

నేను ఫిల్టర్ సాక్‌ని. పైన ప్లాస్టిక్ రింగు, కింద తెల్లటి ఫెల్టు సంచి, అంతే నా ఒళ్ళు. మగ్గం మీద నేసిన గుడ్డను కాను. సన్నటి పోగుల్ని ముళ్ళ సూదులతో గుచ్చి గుచ్చి ఒత్తుగా చేసిన దాన్ని. నా సందుల కొలత 200 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో అయిదో వంతు. అంతకన్నా లావైనది నన్ను దాటి పోకూడదు.

పోదు కూడా. చిక్కల్లా అక్కడే ఉంది. చేపల పెంట, తినగా మిగిలిన మేత, నాచు తునకలు నా కడుపులో చేరినంత మాత్రాన నీళ్ళలోంచి పోయినట్టు కాదు. నేనూ నీళ్ళలోనే ఉన్నానాయె. రాత్రింబవళ్ళు ఆ చెత్త మీదుగానే నీళ్ళు పారుతుంటాయి. నాలుగు రోజులు ఊరుకుంటే అది కుళ్ళి అమోనియా అవుతుంది. బాక్టీరియా దాన్ని నైట్రైటు, ఆపైన నైట్రేటు చేస్తుంది. ఫాస్ఫేటు కూడా ఊరుతుంది. పగడాలు డీలాపడతాయి, నాచుకు పండగ. అప్పటికీ తియ్యకపోతే నా సందులు పూడుకుపోయి నీళ్ళు రింగు మీదుగా పొర్లి నేరుగా సంపులోకి దూకుతాయి. ఇక నేనున్నా ఒకటే, లేకపోయినా ఒకటే. మా ఇంటాయన సాఫ్ట్‌వేరు మనిషి. రెండు మూడు రోజులకోసారి మార్చాలని తెలుసు. ఆదివారం చూద్దాంలే అంటాడు. ఏ ఆదివారమో చెప్పడు.

నాకు మంచిరోజులు పల్నాడు జిల్లా ఈపూరు నుంచి వచ్చాయి. ఆయనగారి అమ్మ విజిటర్ వీసా మీద దిగింది. నిద్ర పట్టక తెల్లవారుజామునే లేచి ఇల్లంతా తిరుగుతూ బీరువా దగ్గర ఆగింది.

"ఒరేయ్, ఇందులో ఎలకేదో చచ్చినట్టుంది చూడు."

"ఎలక కాదమ్మా, ఫిల్టరు."

"ఫిల్టరుకి కంపేందిరా? కడగవా?"

ఆవిడకి ఫిల్టరంటే ఏమిటో ఇక్కడెవరూ చెప్పనక్కర్లేదు. మిరపతోటకి డ్రిప్పు పెట్టుకున్న ఇల్లు. అక్కడి డిస్కు ఫిల్టరు సందులు సుమారు 130 మైక్రాన్లు, నాకంటే సన్నం. దాన్ని కడగడం మానేస్తే ప్రెషరు పడిపోయి చివరి సాళ్ళకు నీళ్ళందవు. ఉప్పు పేరుకుంటే పైపుల్లోకి ఆసిడ్ ఎక్కిస్తారు. కొడుకు నైట్రేటు పాఠం మొదలుపెడితే, "తెలుసులేరా, సంచి ఇటివ్వు" అంది.

సబ్బు దగ్గర మాత్రం తగువైంది. ఆవిడ బట్టల సబ్బు చేతిలోకి తీసుకోగానే కొడుకు పరుగెత్తుకొచ్చాడు. సబ్బు నా పోగుల్లో ఏమాత్రం మిగిలినా తొట్టిలో జీవాలకు చేటు. నురగతో మురికి లాగే స్కిమ్మర్ అనే యంత్రం ఉంది, అదీ పొంగిపోతుంది. "సబ్బెయ్యకుండా ఉతికితే మురికి పోయిద్దా?" అని గొణుక్కుంది గానీ, ఆవిడ ఉతికిన తీరు చెప్పి తీరాలి. రింగు ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేయి నా అడుగుదాకా దించి, అడుగుకుట్టు రెండు వేళ్ళతో పట్టి ఒక్క లాగు లాగింది. లోపలిది బయటికొచ్చింది. పెరట్లో పైపు మూతికి బొటనవేలు అడ్డంపెట్టి నీళ్ళు చిమ్మింది, అదీ రింగు నుంచి కిందికి, వరసగా. గోధుమరంగు జిగురంతా గడ్డిలోకి జారిపోయింది. కుట్టు మడతలో ఇరుక్కున్నదాన్ని గోటితో గీకింది. ఇంటాయన చేతుల్లో ఆ మడత ఎప్పుడూ వెలుగు చూడలేదు.

ఆ తర్వాత వాసన కలపని మామూలు బ్లీచి కాస్త కలిపిన బక్కెట్లో కొన్ని గంటలు నానబెట్టారు. తీసి బాగా జాడించి, క్లోరిన్ విరిచే సోడియం థయోసల్ఫేటు నీళ్ళలో ముంచారు. సున్నం పట్టినప్పుడు వెనిగరు కూడా వాడతారు, అయితే వేరే రోజు, వేరే బక్కెట్లో. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు లేస్తుంది. చివరికి కుర్చీ వీపుమీద ఎండకేశారు. పూర్తిగా ఎండాక ఆవిడ నన్ను ముక్కుకానించి చూసింది. బ్లీచి వాసన ఇంకా ఉందని మళ్ళీ నీళ్ళలో పడేసింది. అనుమానం అంటే అట్లా ఉండాలి.

ఆ ఇంట్లో ఆవిడకి మింగుడుపడనిది ఇంకొకటుంది. కొడుకు ఆర్ఓ మిషనులో నీళ్ళు బొట్టుబొట్టుగా పట్టి, వాటిలో లీటరుకి 35 గ్రాముల లెక్కన ఉప్పు కలుపుతాడు. "మంచినీళ్ళు చేసి మళ్ళీ ఉప్పు పోస్తావేందిరా! మన ఊళ్ళో డబ్బా నీళ్ళు కొనుక్కొని తాగుతున్నాం." పల్నాటి బోర్లలో చాలాచోట్ల ఫ్లోరైడు. ఆవిడ విసుగులో న్యాయం ఉంది. అయినా పగడాలు అందంగా ఉన్నాయని ఒప్పుకుంది. చిన్న ముక్క ఊరికి పట్టుకుపోతానంది కూడా. కుదరదన్నాడు కొడుకు. 2001లో పగడాలను మన వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. ఇంట్లో పెంచుకోవడం అక్కడ నేరం.

ఒకరోజు మనవరాలు భూతద్దం తెచ్చి నా లోపలికి చూసింది. తెల్లటి చుక్కలు గెంతుతున్నాయి.

"నాయనమ్మా, ఇవి కోపీపాడ్స్. మాండరిన్ ఫుడ్డు."

నిజమే. ఆ చేపకి గింజల మేత ఒక పట్టాన నచ్చదు. ఈ ప్రాణుల్నే ఒక్కొక్కటిగా ఏరుకు తింటుంది. నేను చెత్తతో పాటు వాటినీ పట్టేస్తాను. ఏది చెత్తో ఏది తిండో నాకెట్లా తెలుస్తుంది, నాకు తెలిసింది లావూ సన్నమూ.

పెద్దావిడ భూతద్దం అందుకుని చాలాసేపు చూసింది. తర్వాత నారికురుపు సంగతి ఎత్తింది. అత్తగారి నోట విన్నదట. దిగుడుబావి నీళ్ళు తాగిన ఏడాదికి కాలి మీద పొక్కు లేచి, చితికి, దారంలాంటి పురుగు బయటికొచ్చేది. మూరెడుకు పైనే ఉండే దాన్ని తెగకుండా పుల్లకి చుడుతూ రోజుల తరబడి లాగేవాళ్ళు. దాని పిల్లల్ని మోసేది నీళ్ళలోని సైక్లాప్స్. అదీ కోపీపాడే, నా కడుపులో గెంతే వాటికి బంధువే. ఆ జబ్బున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 1980ల్లో మొదలైన నిర్మూలన కార్యక్రమంలో బావుల మెట్లు పూడ్చడం, మందు చల్లడంతో పాటు చెప్పిన ముఖ్యమైన మాట, నీళ్ళు గుడ్డలో వడగట్టుకు తాగమని. దేశంలో చివరి కేసు 1996లో రాజస్థాన్‌లో కనిపించింది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశానికి ఆ జబ్బు లేదని ధ్రువపత్రం ఇచ్చింది. బిందె మూతికి కట్టిన ఆ గుడ్డ నాకు ఏ వరస అవుతుందో గానీ, మా ఇద్దరి పనీ ఒకటే. అక్కడ అది పట్టడం మేలైంది. ఇక్కడ నేను పడితే చేప పస్తుంటుంది.

అప్పట్నుంచి ఆవిడ నన్ను పైపు దగ్గరికి తీసుకెళ్ళేముందు తొట్టినీళ్ళు పట్టిన మగ్గులో మెల్లగా జాడిస్తోంది. కదిలే చుక్కలన్నీ మగ్గులోకి దిగుతాయి. కాసేపు ఆగి, మడ్డి అడుగుకి చేరాక, పైనీళ్ళు తొట్టిలో పోస్తుంది. అంత తీరిక ఎక్కడిదని కొడుకు నవ్వాడు.

"నాకేం పనుందిరా ఈడ?" అంది ఆవిడ. "కాల్లోంచి వచ్చే పురుగు కాదుగా. బతకనీ."